గట్టు రోడ్డు, కొత్త బండి, పద్దెనిమిదేళ్ల కుర్రాడు

కోనసీమలో ఎవరికి ఏ పని పడ్డా రోడ్డెక్కక తప్పదు. పడవల కాలం పోయింది, రైలు కాలం ఇంకా రాలేదు. కాకినాడ వైపు నుంచి వచ్చిన పట్టాలు గౌతమి అవతలి ఒడ్డున కోటిపల్లిలో ఆగిపోయాయి. అక్కణ్ణించి నది దాటి, అమలాపురం మీదుగా నరసాపురం చేరాల్సిన లైను 2000–01లో మంజూరై, ఇన్నేళ్ల తర్వాత కూడా కట్టుబడిలోనే ఉంది. అందుకే అంబాజీపేట కొబ్బరికాయలు, రావులపాలెం అరటి గెలలు, చెరువుల్లో పట్టిన రొయ్యలు, కళ్లంలోంచి మిల్లుకు వెళ్లే ధాన్యం, కాలేజీ బస్సు, పెళ్లి కారు, బడికి వెళ్లే టీచరమ్మ స్కూటీ, అన్నీ ఒకే ఇరుకు రోడ్డు మీద ఒకదాన్నొకటి తప్పుకుంటూ సాగాలి. ఆ వరసలోకి ఇంటర్ పూర్తిచేసిన కుర్రాడు ఒకడు కొత్త బండితో వచ్చి చేరతాడు. ఈ వ్యాసం వాడి గురించి. ఆడపిల్లలూ బళ్లు నడుపుతున్నారు, ఇక్కడ చెప్పేవన్నీ వాళ్లకూ వర్తిస్తాయి. పోతున్న ప్రాణాల్లో మగపిల్లలవే చాలా ఎక్కువ కనక మాట వాడి చుట్టూ తిరుగుతుంది.

దేశం మొత్తం మీద 2022లో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. ఆంధ్రప్రదేశ్ వంతు 8,000 పైచిలుకు. దేశంలో పోయినవాళ్లలో నూటికి 44 మందికి పైగా ద్విచక్ర వాహనాల మీద ఉన్నవాళ్లే. నూటికి 66 మంది 18 నుంచి 45 ఏళ్ల లోపువాళ్లు. పద్దెనిమిది నిండని పిల్లలే 9,528 మంది. మరుసటి ఏడు మొత్తం మృతుల లెక్క 1,72,000 దాటింది. ఐదేళ్ల పసివాడి నుంచి 29 ఏళ్ల యువకుడి దాకా ఉన్న వయసులో ప్రపంచమంతటా మనుషుల్ని అన్నిటికన్నా ఎక్కువగా చంపుతున్నది ఏ రోగమూ కాదు, రోడ్డే అని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది.

ఊళ్లో ఒక కుర్రాడు పోయినప్పుడు మనం అనే మాట ఒకటుంది: ‘దూకుడండీ, చెబితే వినేవాడు కాదు.’ దూకుడు ఉంటుంది, కాదనను. కానీ ఆ ఒక్క మాటతో చాప చుట్టేస్తే మిగతావన్నీ కనపడకుండా పోతాయి. ఆ రోడ్డు ఎలాంటిది, ఆ వేగంలో బండి ఎంత దూరంలో ఆగుతుంది, ఆ వయసులో కన్ను దేన్ని చూస్తుంది, తాళం వాడి చేతికి ఎవరు ఎలా ఇచ్చారు? ఇవన్నీ విడివిడిగా చూస్తే నాకు ఒకటి స్పష్టంగా కనిపిస్తోంది. బండి తాళం ఇవ్వడం ఒక్క రోజులో అయ్యే పని కాదు, రెండేళ్ల పని. మన చట్టం ఆ రెండేళ్లనీ ఖాళీగా వదిలేసింది. అది మారేదాకా ఆ ఖాళీ నింపాల్సింది ఇల్లే.

ముందు రోడ్డు సంగతి. ధవళేశ్వరం ఆనకట్ట పని 1847లో మొదలై 1852లో పూర్తయింది. బొబ్బర్లంక దగ్గర మొదలైన నీరు లొల్ల లాకుల మీదుగా చీలి, మధ్య డెల్టా అంతా కాలువలై పారింది. కాటన్ దొర తవ్వించిన కాలువలు పంటకూ పనికొచ్చాయి, పడవకూ పనికొచ్చాయి. గట్టు మీద పడవను తాడు కట్టి లాగే మనుషులు నడిచేవారు. ఆ నడకబాట ఎడ్లబండి బాట అయింది, కంకర పడింది, తారు పడింది. ఇవాళ మనం బస్సెక్కి వెళ్లే రోడ్లలో చాలావాటి పుట్టుక అదే. కాబట్టి అవి కాలువ వంపును బట్టి వంగుతాయి, బండి వేగానికి తగ్గట్టు కాదు. ఒక పక్క నీళ్లు, రెండో పక్క మనిషి లోతు పల్లంలో చేను, మధ్యలో రెండు వాహనాలు ఎదురైతే ఒకటి మట్టిలోకి దిగాల్సిన వెడల్పు. అంచునే కొబ్బరి చెట్లు. మలుపు దగ్గర కల్వర్టు పిట్టగోడ. వీటిలో దేన్ని గుద్దుకున్నా అది కదలదు, కదిలేది మనిషే.

మట్టిలోకి దిగడం గురించి కొంచెం ఆగి చెప్పాలి, ఎందుకంటే ఇది కొత్తవాళ్లకు ఎవరూ నేర్పరు. తారు మీద తారు వేస్తూ పోవడంతో రోడ్డు అంచు పక్క మట్టికన్నా జానెడు ఎత్తులో నిలబడిపోతుంది. ఎదురుగా లారీ వస్తే బైకు మట్టిలోకి దిగుతుంది. దిగగానే చక్రం ఊగుతుంది, భయంతో కుర్రాడు హ్యాండిల్‌ను ఒక్కసారిగా రోడ్డు వైపు తిప్పుతాడు. అంచుకు అడ్డంగా ఒరుసుకున్న చక్రం బండిని రోడ్డు మీదే పడేస్తుంది, వెనకాల వచ్చే చక్రాల కిందికి. దిగాక చేయాల్సింది ఒకటే: తిరిగి ఎక్కాలని తొందరపడకూడదు. యాక్సిలరేటర్ వదిలి, మట్టిలోనే నెమ్మదించి, అంచు తక్కువగా ఉన్న చోట చూసుకుని ఎక్కాలి.

ఇలాంటి రోడ్ల మధ్యగా 216 నంబరు జాతీయ రహదారి వెళ్తోంది. కత్తిపూడిలో మొదలై కాకినాడ, యానాం, ముమ్మిడివరం, అమలాపురం, బోడసకుర్రు–పాశర్లపూడి వంతెన, రాజోలు, దిండి–చించినాడ వంతెన దాటుకుని ఒంగోలు దాకా పోతుంది. వెడల్పు చేసిన చోట్ల నున్నగా, సూటిగా ఉంటుంది. హైవే మీద పది నిమిషాలు 80లో వెళ్లిన మనిషికి 60కి తగ్గితే నడిచి వెళ్తున్నట్టు ఉంటుంది. కన్ను ఆ వేగానికి అలవాటు పడిపోతుంది. అదే కన్నుతో ఊరి గట్టు రోడ్డులోకి తిరుగుతాడు. 35లో తిరగాల్సిన మలుపులోకి 55లో వస్తాడు, వాడి మనసుకు మాత్రం తాను నెమ్మదిగానే ఉన్నాడు. ఆ క్షణంలో నమ్మాల్సింది మీటరు ముల్లును. కుర్రాళ్లకు ఇది ముందే చెప్పి ఉంచాలి.

ఇక వేగం లెక్క. ప్రతి ఇంట్లో, కాగితం మీద వేసి చూపించాల్సిన లెక్క ఇది. గంటకు 40 కిలోమీటర్లంటే సెకనుకు 11 మీటర్లు. ఎదురుగా ఏదో అడ్డొచ్చిందని కన్ను చూసి, మెదడు పోల్చుకుని, చేయి బ్రేకు నొక్కేసరికి సెకనున్నర పడుతుంది. ఆ సెకనున్నరలో బండి వేగం ఏమీ తగ్గదు, 17 మీటర్లు వెళ్లిపోతుంది. ఆపైన పొడి రోడ్డు మీద ఓ మాదిరిగా బ్రేకు పడితే ఇంకో 12 మీటర్లకు ఆగుతుంది. మొత్తం 29. అదే 60లో అయితే బ్రేకు పడేలోపే 25 మీటర్లు, పడ్డాక 28, మొత్తం 53. ఇక 80లో 33, 49 కలిపి 80 మీటర్లు దాటిపోతుంది. వేగం 40 నుంచి 80కి రెట్టింపైంది. ఆగే దూరం దాదాపు మూడింతలైంది. వాన పడి తడిస్తే ఇంకా పెరుగుతుంది.

ఇప్పుడు సరిగ్గా 29 మీటర్ల ముందు ఒక చిన్నపిల్ల రోడ్డు దాటుతూ ఆగిపోయిందనుకోండి. నలభైలో వచ్చినవాడి బండి ఆ పిల్ల ముందు ఆగుతుంది. అరవైలో వచ్చినవాడికి బ్రేకు నొక్కేసరికే 25 మీటర్లు అయిపోయాయి, మిగిలింది నాలుగు మీటర్లు. ఆ నాలుగు మీటర్లలో వేగం ఎంతకు దిగుతుందో లెక్క కట్టండి: 55కి. అంటే ఒకడు ఆగిపోయిన చోట ఇంకొకడు 55 కిలోమీటర్ల వేగంతో గుద్దుతున్నాడు. ఇద్దరి మధ్య తేడా మీటరు మీద ఇరవై అంకెలే. మరి ఆ ఇరవై వల్ల మిగిలే సమయం ఎంత? 20 కిలోమీటర్ల దారిలో, ఎక్కడా ఆగకుండా వెళ్తే, పది నిమిషాలు. మన ఊళ్ల స్పీడ్ బ్రేకర్లు, సెంటర్లు, బస్సులు దాటుకుని వెళ్లేసరికి అదీ మిగలదు.

రాత్రి ఈ లెక్క ఇంకా కఠినం. మామూలు బైకు డిమ్ లైటు 30, 40 మీటర్లకు మించి వివరంగా చూపించదు. అరవైలో ఆగడానికి 53 మీటర్లు కావాలి. కాబట్టి డిమ్‌లో 60 మీద వెళ్లేవాడు తనకు కనపడని చోటులోకి దూసుకుపోతున్నట్టే. ఆ కనపడని చోట మన దగ్గర ఏముంటాయి? వెనక లైటు లేని ట్రాక్టరు ట్రక్కు. రోడ్డు పక్కన ఆపిన కొబ్బరి లారీ. సార్వా కోతల్లోనూ దాళ్వా కోతల్లోనూ రోడ్డు మీద ఆరబోసిన ధాన్యం, దాని చుట్టూ కాపుగా పెట్టిన రాళ్లు. ధాన్యం గింజల మీద బ్రేకు పడితే చక్రం నిలబడదు. ఆరబోసే రైతు బాధ నాకు తెలుసు. తేమ ఎక్కువుందని మిల్లులో కోత పెడతారు, ఇంటి ముందు జాగా ఉండదు. కల్లాలు కట్టించి ఇవ్వాల్సినవాళ్లు ఇవ్వాలి. కానీ చీకటి పడ్డాక ఆ రాళ్లు రోడ్డు మీద ఉండకూడదు. ట్రక్కుల వెనక మెరిసే రిఫ్లెక్టర్ టేపు అతికించడానికి పెద్ద ఖర్చేమీ కాదు.

అన్నీ కలిసి వచ్చే రోజులు సంక్రాంతి రోజులు. తెల్లవారుజామున మంచు, హైదరాబాదు నుంచి దిగిన కార్లు, గట్టు రోడ్డు అలవాటు లేని డ్రైవర్లు, కనుమ నాడు జగ్గన్నతోట ప్రభల తీర్థానికి కదిలే జనం, పందెం బరుల చుట్టూ పెట్టిన బళ్లు, వాటిలో కొన్నిటిని తాగి నడిపేవాళ్లు. పండక్కి వారం ముందే ఇంట్లో ఒక మాట అనుకోవడం మంచిది: ఈ మూడు రోజులూ రాత్రి పూట బండి బయటికి వెళ్లదు. యానాం వెళ్లి తాగి, ఎదుర్లంక వంతెన మీదుగా అర్ధరాత్రి హైవే పట్టుకుని తిరిగిరావడం పండగలకే పరిమితం కాలేదు, అది ఏడాది పొడుగునా ఉంది. తాగినవాడు బండి నడపకూడదని అందరూ అంటారు. తాగినవాడి వెనక కూర్చోనని చెప్పే హక్కు తమకు ఉందని మన పిల్లలకు ఎంతమందిమి చెప్పాం? ‘ఏ టైమైనా ఫోన్ చెయ్, వచ్చి తీసుకొస్తాం, ఆ రాత్రికి ఏమీ అనం’ అని మాట ఇచ్చి, నిజంగా ఏమీ అనకుండా ఉండగలగాలి.

ఇక కుర్రాడి సంగతి. శనివారం పొద్దున్న అమ్మను వెనక కూర్చోబెట్టుకుని వాడపల్లి వెంకన్న దర్శనానికి ముప్ఫైలో తీసుకెళ్లినవాడే, సాయంత్రం ఇద్దరు స్నేహితులను ఎక్కించుకుని ఎనభైలో పోతాడు. మనిషి వాడే, బండి అదే. ఇది మన ఊరి పిల్లల చెడుగుణం అనుకోనక్కర్లేదు. అమెరికాలో టెంపుల్ యూనివర్సిటీకి చెందిన గార్డ్‌నర్, స్టీన్‌బర్గ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 2005లో ఒక పరిశోధన ప్రచురించారు. 13–16 ఏళ్ల పిల్లలను, 18–22 ఏళ్ల యువకులను, 24 దాటిన పెద్దలను కంప్యూటర్ మీద బండి నడిపే ఆట ఆడించారు. పసుపు లైటు పడ్డాక ఎంత దూరం తెగించి వెళ్తారు అన్నది చూశారు. కొందరిని ఒంటరిగా, కొందరిని స్నేహితులు చూస్తుండగా ఆడించారు. పెద్దల్లో ఎవరు చూస్తున్నా తేడా రాలేదు. చిన్నవాళ్లు, యువకులు పక్కన స్నేహితులుంటే ఎక్కువ తెగించారు. ముప్పును తూచి ఆపుకునే మెదడు భాగం ఇరవై ఐదేళ్ల దగ్గర పడేదాకా పూర్తిగా ముదరదు. మెప్పును కోరే భాగం మాత్రం చాలా ముందే మేల్కొంటుంది. కాబట్టి ట్రిపుల్ రైడింగ్‌లో అసలు ప్రమాదం బరువు ఒక్కటే కాదు, వెనక కూర్చున్న రెండు జతల కళ్లు కూడా.

రెండోది చూపు. పదేళ్లుగా నడుపుతున్న మనిషి చాలా ముందుకు చూస్తాడు. ఆగిన బస్సు కనపడితే దాని ముందునుంచి ఎవరో వస్తారని ముందే కాలు బ్రేకు మీద పెడతాడు. ట్రాక్టరు నెమ్మదిస్తే పక్కనున్న చేలోకి దిగుతుందని ఊహిస్తాడు. గేదె రోడ్డుకు ఒక పక్క ఉండి, దాన్ని తోలే మనిషి రెండో పక్క ఉంటే అది దాటుతుందని అతనికి తెలుసు. కొత్తవాడి చూపు ముందు చక్రానికి కొంచెం ఎదరే తచ్చాడుతూ ఉంటుంది. ఇది తెలివికి సంబంధించింది కాదు, కిలోమీటర్లకు సంబంధించింది. సొంతంగా నడపడం మొదలుపెట్టిన మొదటి ఆరు నెలల్లోనే ప్రమాదాలు అన్నిటికన్నా ఎక్కువ, ఆ తర్వాత వేగంగా తగ్గుతాయి అని దేశదేశాల్లో లెక్కలు చెబుతున్నాయి. పెద్దవాళ్లు పక్కన ఉండగా నడిపే రోజుల్లో అవి చాలా తక్కువ.

బ్రేకు కూడా నేర్చుకోవాల్సిందే. చాలామంది కుర్రాళ్లు కాలి బ్రేకునే నమ్ముకుంటారు, ముందు బ్రేకు పట్టుకుంటే పల్టీ కొడుతుందని భయం. నిజానికి గట్టిగా ఆగాల్సి వచ్చినప్పుడు బైకును ఆపే బలంలో ఎక్కువ భాగం ముందు చక్రానిదే. రెండూ కలిపి, ముందుదాన్ని క్రమంగా బిగిస్తూ ఆపడం బడి గ్రౌండులో ఓ ఆదివారం పొద్దున్న సాధన చేయిస్తే వస్తుంది. లైసెన్సు పరీక్షలో కొన్ని నిమిషాలు బండి తిప్పడమే చూస్తారు. రాత్రి చూడరు, వాన చూడరు, వెనక మనిషిని ఎక్కించి చూడరు.

హెల్మెట్ గురించి ఎక్కువ చెప్పను, తెలియనివాళ్లు లేరు. బైకు ప్రమాదాల్లో చావు ముప్పును అది సుమారు 42 శాతం, తలకు దెబ్బ ముప్పును 69 శాతం తగ్గిస్తుందని అనేక అధ్యయనాలను కలిపి చూసిన సమీక్ష తేల్చింది. 2022లో మన దేశంలో హెల్మెట్ లేకుండా పోయినవాళ్లు 50,029 మంది, అందులో 14,337 మంది వెనక కూర్చున్నవాళ్లు. 2021 సెప్టెంబరులో హైదరాబాదులో కేబుల్ బ్రిడ్జి దగ్గర నటుడు సాయి ధరమ్ తేజ్ బైకు జారి పడింది. తలకు హెల్మెట్ ఉంది, మనిషి దక్కాడు, మళ్లీ సినిమాలు చేస్తున్నాడు. ఉక్కపోతకు తల తడిసిపోతుందన్న మాట కోనసీమలో నిజమే. గాలి కంతలున్నది, ఐఎస్ఐ గుర్తున్నది, తలకు సరిపోయేది కొనాలి. గడ్డం కింద పట్టీ బిగించకపోతే పడినప్పుడు ముందుగా ఎగిరిపోయేది హెల్మెట్టే. మనలాగే మోటారు సైకిళ్లతో నిండిన వియత్నాం 2007 డిసెంబరు 15 నుంచి అన్ని రోడ్ల మీదా అందరికీ హెల్మెట్ తప్పనిసరి చేసి, పట్టుపట్టి అమలు చేసింది. కొద్ది వారాల్లోనే దాదాపు దేశమంతా పెట్టుకుంది. అక్కడా ఉక్కపోతే.

కాలువ సీమకు తెలియాల్సిన ఇంకో సంగతి ఉంది. 2024 డిసెంబరులో పి.గన్నవరం మండలం ఊడిమూడి శివారు చింతావారిపేట దగ్గర, అరకు చూసి తిరిగొస్తున్న ఒక కుటుంబం కారు కాలువలో పడింది. తల్లి, ఇద్దరు చిన్నపిల్లలు చనిపోయారు. కారు నీళ్లలో పడగానే మునిగిపోదు, సుమారు ఒక నిమిషం తేలుతుంది. బతికేది ఆ నిమిషంలోనే. బయటి నీటి ఒత్తిడికి తలుపు తెరుచుకోదు, దానితో పెనుగులాడకూడదు. ఫోన్ చేయడానికి ఆగకూడదు. సీటు బెల్టు తీసి, వెంటనే పక్క అద్దం దించి, పిల్లలను ముందు బయటికి తోసి, తర్వాత మనం దూరాలి. పవర్ విండోలు మొదటి క్షణాల్లో సాధారణంగా పనిచేస్తాయి. అద్దం దిగకపోతే పక్క అద్దం మూలలో మొనదేలిన ఇనుప వస్తువుతో కొట్టాలి. ముందరి పెద్ద అద్దం పగలదు. పిల్లల తల్లిదండ్రులు ఈ క్రమాన్ని ఒకసారి ఆగి ఉన్న కారులో కూర్చుని చేసి చూడాలి. సీటు బెల్టు పెట్టుకుంటే నీళ్లలో చిక్కుకుపోతామని మానేసేవాళ్లుంటారు. బెల్టు లేనివాడు పడిన దెబ్బకే స్పృహ తప్పుతాడు, ఆ తర్వాత అద్దం దించేదెవరు?

పడ్డవాణ్ణి చూసి ఆగినవాళ్లకు చట్టం రక్షణ ఇచ్చింది. సుప్రీంకోర్టు 2016లో, ఆ తర్వాత 2019 సవరణతో మోటారు వాహన చట్టం 134ఎ సెక్షను, సాయం చేసినవారిని కేసులో ఇరికించకూడదని, ఇష్టం లేకపోతే పేరు కూడా చెప్పనక్కర్లేదని తేల్చాయి. మెడ వంచకుండా, నీళ్లు తాగించకుండా, రక్తం కారే చోట గుడ్డతో అదిమిపట్టి 108కి ఫోన్ చేస్తే చాలు. తలకు దెబ్బ తగిలి మెదడు ఆపరేషన్ కావాల్సినవాణ్ణి చాలాసార్లు కాకినాడకో రాజమండ్రికో తీసుకెళ్లాలి, అమలాపురం నుంచే 60 కిలోమీటర్లకు పైగా దూరం. మొదటి పది నిమిషాలు వృథా కాకూడదనేది అందుకే. రోడ్డు ప్రమాద బాధితులకు మొదటి ఏడు రోజులు లక్షన్నర రూపాయల దాకా నగదు కట్టకుండా వైద్యం అందించే కేంద్ర పథకం 2025 మేలో వచ్చింది. ఆసుపత్రిలో ఆ మాట అడగాలి.

రోడ్డు వేసినవాళ్ల బాధ్యత సంగతికొస్తే, నాకు కనిపించే పెద్ద చిక్కు లెక్క కట్టే పద్ధతిలోనే ఉంది. సుమారు 500 మీటర్ల ముక్కలో మూడేళ్లలో ఐదు తీవ్ర ప్రమాదాలో పది మరణాలో జరిగితే దాన్ని బ్లాక్ స్పాట్ అంటారు, అప్పుడు నిధులు కదులుతాయి. ఈ కొలత హైవే కూడళ్లకు సరిపోతుంది. గట్టు రోడ్డు మీద ప్రమాదాలు ఒక్కొక్కటీ ఒక్కో వంపు దగ్గర జరుగుతాయి. ఒక్క మలుపు కూడా ఆ సంఖ్యను చేరదు, మొత్తం రోడ్డు మాత్రం ఏడాదికి కొందరిని తీసుకుపోతూనే ఉంటుంది. దానికి తోడు కాలువ గట్టు ఒక శాఖది, దాని మీది తారు ఇంకో శాఖది. కలెక్టరు అధ్యక్షతన ప్రతి జిల్లాకూ రహదారి భద్రతా కమిటీ ఉంటుంది. గట్టు రోడ్లను మలుపులుగా కాక రోడ్డు మొత్తంగా లెక్కించమని ఆ కమిటీని అడగడం అన్యాయమైన కోరికేమీ కాదు. నీటి వైపు వంపుల్లో ఇనుప రెయిలింగు, రాత్రి మెరిసే బాణం బోర్డులు, అంచు వెంట తెల్ల గీత, జానెడు పల్లం పూడ్చే గ్రావెలు: అడగాల్సినవి ఇవే.

ఇప్పుడు తాళం దగ్గరికి వద్దాం. రాజోలు, మలికిపురం, మామిడికుదురు ప్రాంతాల్లో గల్ఫ్‌తో ముడిపడని వీధి అరుదు. తండ్రి కువైట్‌లోనో మస్కట్‌లోనో, కొన్ని ఇళ్లలో తల్లి. పిల్లాడు నాయనమ్మ దగ్గర. ఏళ్ల తరబడి దగ్గర లేని బాధ అమ్మానాన్నల గుండెల్లో ఉంటుంది. పిల్లాడు నోరు తెరిచి అడిగింది బండి. పదహారో ఏటే కొనిపెడతారు. వద్దనడం నాయనమ్మ వల్ల కాదు. ఆ ప్రేమను తప్పుపట్టే మనసు నాకు లేదు. కానీ ఆ బండి వెనక ఉన్న చట్టం ఆ ఇంటికి ఎవరో ఒకరు చెప్పాలి.

గేరు బండి నడపడానికి పద్దెనిమిదేళ్లు నిండాలి. నిండని పిల్లాడు నడిపి పట్టుబడితే, 2019లో వచ్చిన 199ఎ సెక్షను ప్రకారం నేరం తల్లిదండ్రులదో బండి యజమానిదో అవుతుంది. మూడేళ్ల దాకా జైలు, 25,000 రూపాయల జరిమానా, బండి రిజిస్ట్రేషను ఏడాది రద్దు, ఆ పిల్లాడికి 25 ఏళ్లు వచ్చేదాకా లైసెన్సు రాదు. 2024 మేలో పుణెలో పదిహేడేళ్ల కుర్రాడు నడిపిన కారు ఇద్దరు యువ ఇంజనీర్లను చంపినప్పుడు తండ్రిని అరెస్టు చేశారు.

దానికన్నా నెమ్మదిగా, లోతుగా తగిలేది బీమా దెబ్బ. లైసెన్సు లేని పిల్లాడు ఎవరినైనా గుద్దితే బీమా కంపెనీ బాధితుడికి పరిహారం కట్టి, ఆ మొత్తాన్ని బండి యజమాని దగ్గర వసూలు చేసుకోవచ్చు. యజమాని అంటే ఆర్సీలో పేరున్న మనిషి, అంటే కువైట్‌లో ఉన్న నాన్న. గల్ఫ్ సంపాదనతో కొన్న అరెకరం కొబ్బరి తోట దాని కిందే పోవచ్చు. మరి పడింది మన పిల్లాడే అయితే? పాలసీతో వచ్చే 15 లక్షల వ్యక్తిగత ప్రమాద బీమా యజమానికే, అదీ చెల్లే లైసెన్సు ఉండి తానే నడుపుతుంటేనే. నాన్న పేరున ఉన్న బండి కొడుకు నడుపుతూ పోతే అది రాదు. యజమాని దగ్గర బండి తీసుకుని నడిపినవాడు యజమాని స్థానంలో ఉన్నట్టేనని సుప్రీంకోర్టు 2009లోనే చెప్పింది. సొంత దుడుకుతనంతో చనిపోయిన వ్యక్తి కుటుంబానికి థర్డ్ పార్టీ పరిహారం రాదని 2025 జూలైలో మరో తీర్పులో స్పష్టం చేసింది. ఏజెంటు పాలసీ కాగితం ఇచ్చినప్పుడు ‘మా అబ్బాయి నడుపుతూ పడితే ఏమొస్తుంది?’ అని నేరుగా అడగండి. లైసెన్సు వచ్చాక ఆర్సీ వాడి పేరుకే మార్పించి, వ్యక్తిగత ప్రమాద బీమా వాడికే వర్తించేలా చేయించండి. వెనక కూర్చునేవాళ్లకు విడిగా చిన్న ప్రీమియంతో బీమా దొరుకుతుంది.

మన చట్టం ఖాళీగా వదిలేసిన ఆ రెండేళ్ల సంగతికి వస్తే, న్యూజిలాండు 1987లోనే లైసెన్సును మెట్లుగా విడగొట్టింది. మొదట పెద్దవాళ్లు పక్కన ఉంటేనే, తర్వాత ఒంటరిగా కానీ రాత్రి పది నుంచి తెల్లవారి ఐదు వరకూ వద్దు, స్నేహితులను ఎక్కించుకోవద్దు, ఆపైనే పూర్తి లైసెన్సు. జపానులో బైకు లైసెన్సు వచ్చిన మొదటి ఏడాది వెనక ఎవరినీ ఎక్కించుకోకూడదు. మన దగ్గర ఎల్ఎల్ఆర్ వచ్చిన 30 రోజులకు డ్రైవింగ్ పరీక్షకు హాజరు కావచ్చు, పాసైన సాయంత్రమే వెనక ఒకరిని ఎక్కించుకుని హైవే మీదికి వెళ్లవచ్చు. ఇద్దరిని ఎక్కించుకోవడం నేరమే, కానీ ఆపేవాళ్లు అరుదు. కొబ్బరి దింపు నేర్చుకునేవాణ్ణి మొదటిరోజే నిలువెత్తు ముదురు చెట్టు ఎక్కించే మేస్త్రి కోనసీమలో ఎవరూ ఉండరు. పొట్టి చెట్లతో మొదలుపెట్టిస్తారు, వానలో ఎక్కనివ్వరు.

ఆ పద్ధతినే ఇంటి ఒప్పందంగా రాసుకోవచ్చు. లైసెన్సు వచ్చిన మొదటి మూడు నెలలు పగలే, ఊరి చుట్టుపక్కలే, వారానికి రెండుసార్లు బాబాయో మావయ్యో వెనక కూర్చుని చూపు ఎటు పోతోందో గమనిస్తూ. ఆరో నెల దాకా వెనక స్నేహితులు వద్దు. అమ్మ, చెల్లి పర్వాలేదు, వాళ్లుంటే చేయి దానంతట అదే నెమ్మదిస్తుంది. ఏడాది దాకా చీకటి పడ్డాక 216 రోడ్డు వద్దు. మొదటి వానలు పడ్డప్పుడు, మొదటి మంచు దిగినప్పుడు ఒక్కసారైనా పెద్దవాళ్లతో కలిసి వెళ్లాలి. బండి కూడా మొదట 125 సీసీ లోపుది చాలు, కోరిన పెద్ద బండి రెండో ఏటికి. కువైట్‌లో ఉన్న నాన్న వీడియో కాల్‌లో ఈ ఒప్పందాన్ని కొడుకుతో కలిసి చదివి, నాయనమ్మ మీద ఆ బరువు వేయకుండా, ఊళ్లో ఉన్న మేనమామకో బాబాయికో తాళం అప్పగించాలి. పొద్దున్న కాలేజీకి ఇచ్చి సాయంత్రం తీసుకునే పని ఆయనది. ఒప్పందం తప్పితే ఒక వారం బండి ఇంట్లోనే ఉంటుంది, ఆ వారం ఆర్టీసీ బస్సు. ఆ మాట ముందే అనుకుని ఉంటే వారం గడిచాక తాళం తిరిగివ్వడం, పుచ్చుకోవడం ఇద్దరికీ సులువుగా ఉంటుంది.